బ్యాంకాక్‌లో మమ్మల్ని ఆదుకున్నవాళ్లందరికీ

పేర్లు కూడా తెలియని కొంతమందికి థాంక్స్ చెప్పుకోవాలి. వాళ్లలో ఒక్క జంటకు తప్ప ఎవరికీ తెలుగు రాదు. అయినా తెలుగులోనే రాస్తున్నా, ఎందుకంటే బ్యాంకాక్ వెళ్తున్నాం అనగానే మనవాళ్లు అదోరకంగా నవ్వుతారు చూడండి, బయల్దేరే ముందు మాకు ఆ నవ్వులు చాలానే తగిలాయి. మేం చూసిన ఊరు వేరు.

మేమిద్దరం చెరో బ్యాగు వీపున తగిలించుకుని బయల్దేరాం. పెద్ద హోటళ్లకు పెట్టే స్తోమత లేదు, ప్యాకేజీ టూర్లో గైడు జెండా వెనక పరిగెత్తే ఓపిక అంతకన్నా లేదు. సువర్ణభూమి ఎయిర్‌పోర్టు నుంచి ఫాయా థాయ్ దాకా 45 బాత్‌లకు రైలుంది, అక్కణ్ణుంచి సిటీ బస్సు. ఖావోసాన్ రోడ్డు గోలకు కాస్త ఎడంగా, సామ్‌సేన్ వైపు సందులో దిగాం.

మొదటి థాంక్స్ ఆ గెస్ట్‌హౌస్ ఆంటీకి. మా ఆయన గుడ్డు కూడా ముట్టడు. అక్కడ వీధి బండి మీద కూరగాయల వేపుడు అని చూస్తే కళ్లకు కూరగాయలే కనిపిస్తాయి, కానీ చేపసాసో, ఆల్చిప్పల సాసో, రొయ్యల ముద్దో ఏదో ఒకటి పడకుండా మూకుడు పొయ్యి దిగదు. వచ్చిన రోజంతా అరటిపళ్లు, సెవెన్ ఇలెవెన్ బ్రెడ్డుతో సరిపెట్టుకున్నాడు. సాయంత్రం ఈయన వాలకం చూసి ఆవిడే సంగతి అడిగింది, విన్నాక ఒక అట్టముక్క మీద ఏమేం వెయ్యకూడదో థాయ్‌లో పెద్ద అక్షరాలతో వరసగా రాసి, తడవకుండా పైన సెల్లోటేపు అతికించి మరీ ఇచ్చింది. ఆ అట్ట చూపిస్తే చాలు, బండి దగ్గరివాళ్లు మూకుడు కడిగి మళ్లీ పెట్టేవాళ్లు. పసుపు జెండా మీద ఎర్ర అక్షరాలున్న చోట అయితే అట్ట కూడా అక్కర్లేదంది. అక్కడ మాంసం, చేప, గుడ్డే కాదు, ఉల్లి, వెల్లుల్లి కూడా వెయ్యరట. మా అత్తగారు కార్తీకమాసంలో వచ్చినా నిశ్చింతగా తినొచ్చు.

ఇక అసలు విషయం పూల మార్కెట్‌ది. మాది కడియం పక్క ఊరు, తెల్లారేసరికి పూల బుట్టల మధ్య పెరిగినదాన్ని, కాబట్టి ప్యాలెస్ కన్నా ముందు పాక్ ఖ్లాంగ్ తలాత్ చూడాలని నేనే పట్టుబట్టాను. చావో ఫ్రాయా నదిలో నారింజ జెండా పడవ ఎక్కాం. టికెట్లిచ్చే ఆవిడ చేతిలో పొడుగాటి ఇనప గొట్టంలో చిల్లర గలగలలాడిస్తూ ఆ రద్దీలో ఎలా దూరిపోతుందో! పడవ వెనక నిలబడ్డ కుర్రాడు ఈలలు వేస్తుంటే ఆ ఈలను బట్టి ముందున్నాయన పడవను రేవుకు చేరుస్తాడు. చేర్చడం అంటే పూర్తిగా ఆపడం కాదు, ఒక తాడు మెలేసి పట్టుకుంటారు, ఆ కాస్త సందులో దిగేవాళ్లు దిగాలి, ఎక్కేవాళ్లు ఎక్కాలి. సరిగ్గా మా ఆయన అడుగు వేసేసరికి పక్కనుంచి ఇంకో పడవ పోయింది, దాని అలకు రేవు చెక్క ఒకసారి ఎగిరిపడింది, ఈయన చీలమండ మడతపడింది. ఈల కుర్రాడు చొక్కా పట్టుకుని పైకి లాగకపోతే నీళ్లలోకే పోయేవాడు. బాబూ, నీకు ఎంత చెప్పినా తక్కువే.

కుంటుకుంటూ మార్కెట్లోకి వచ్చేసరికి పాదం బూరెలా పొంగింది. దండలు కట్టుకుంటున్న ఒక పెద్దావిడ మేం అడక్కుండానే తను కూర్చున్న ప్లాస్టిక్ స్టూలు లాగి ఈయన్ని కూర్చోబెట్టింది. మల్లెమొగ్గలు వాడిపోకుండా పెట్టెలో ఐసు పోసి ఉంచుతారక్కడ. ఆ ఐసే గుప్పెళ్లతో తీసి కవర్లో పోసి, రబ్బరుబ్యాండు బిగించి చీలమండ మీద పెట్టింది. మూలనున్న నారింజ చొక్కా బైక్ ట్యాక్సీ అతన్ని కేకేసి ఏదో చెప్పింది. అతను వెళ్లి మందుల షాపు నుంచి క్రేప్ బ్యాండేజీ, నొప్పికి పూసే జెల్లు తెచ్చాడు, బిల్లు చూపించి అంతే తీసుకున్నాడు, బైకు తిప్పినందుకు ఇవ్వబోతే చెయ్యి అడ్డం పెట్టేశాడు. మన దగ్గర ఇలాంటివాళ్లు లేరని కాదు, కానీ భాష రాని ఊళ్లో ఆ టెన్షన్‌లో ఉన్నప్పుడు అది ఎంత ధైర్యమో పడినవాళ్లకే తెలుస్తుంది.

వాపు తగ్గేదాకా కదలనివ్వలేదు ఆవిడ. ఊరికే కూర్చోలేక నేనూ ఒక చెయ్యి వేశాను. మనం దారంతో ముడేసి కడతాం కదా, వాళ్లు జానెడు పైనుండే ఇనప సూదికి మొగ్గలు గుచ్చుతారు, గుచ్చుతూ ఒక్కో వరసా కొంచెం తిప్పుతారు, అందుకే దండ అంతా ఎక్కడా సందు లేకుండా గుండ్రంగా వస్తుంది. మల్లెల మధ్య తెల్లజిల్లేడు పూలు కూడా గుచ్చుతున్నారు, మనం వినాయకుడికి పెట్టేవే. నా వరస వంకర పోతే ఆవిడ విప్పదీసి, నవ్వి, మళ్లీ నా చేతికే ఇచ్చింది. వెళ్లేటప్పుడు టుక్‌టుక్ బేరం కూడా తనే ఆడింది, మాకు చెప్పిన రేటు విని ఆ డ్రైవర్‌ని ఎంత తిట్టిందో గానీ సగానికి దిగాడు. దండ డబ్బులు మాత్రం తీసుకోలేదు.

గ్రాండ్ ప్యాలెస్ బయట నీట్‌గా తయారైన ఒకాయన 'ఈరోజు మూసేశారు, మంచి రత్నాల షాపు చూపిస్తా' అని తగులుకున్నప్పుడు, ఆయన వెనక నిలబడి మాకు కనబడేలా తల అడ్డంగా ఊపిన పళ్లబండి అమ్మాయికీ థాంక్స్. లోపల గోడల మీద రామకియెన్, అంటే థాయ్‌వాళ్ల రామాయణం, చిత్రాలు 178 ఉన్నాయి. మా ఆయన కాలు చాచుకుని కూర్చున్న చోటికి ఒక రిటైర్డ్ టీచరమ్మ వచ్చి, వాళ్ల హనుమంతుడు మత్స్యకన్యను వరించిన కథ ఓపిగ్గా చెప్పింది. ఆంజనేయస్వామి భక్తుడైన మా ఆయన మొహం అప్పుడు చూడాల్సింది.

బ్యాంకాక్‌లోనే సీలోం అనే పేటలో తమిళులు కట్టుకున్న మారియమ్మ గుడి దగ్గర మా మాటలు విని 'మీరు తెలుగువాళ్లా?' అని ఆగిన అన్నయ్యా వదినలకు ప్రత్యేకంగా. పెరుగన్నం, ఆవకాయ డబ్బాలో పెట్టి గెస్ట్‌హౌస్‌కి తెచ్చి ఇచ్చారు. వదినా, డబ్బా ఆంటీ దగ్గర పెట్టాం, వీలైనప్పుడు తీసుకోండి.

ఈ రాత్రి చియాంగ్ మై రైలు. దూరప్రాంతాల రైళ్లు చాలావరకు 2023 నుంచి హువా లాంఫోంగ్‌లో కాక క్రుంగ్ థేప్ అఫివాత్ స్టేషన్లో ఆగుతున్నాయని ఆంటీ ముందే చెప్పింది, లేకపోతే పాత స్టేషన్‌కే పోయేవాళ్లం. బ్యాంకాక్‌లో ఉండి థాయ్ వచ్చినవాళ్లు ఎవరైనా ఇది చదివితే, పూల మార్కెట్‌కి వెళ్లినప్పుడు ఇండియా అబ్బాయి కాలికి ఐసు పెట్టినావిడ ఎవరో కనుక్కుని, కాలు బాగైపోయిందని, తను ఇచ్చిన దండ గెస్ట్‌హౌస్ గుమ్మంలో బుద్ధుడికి వేశామని చెప్పండి.