చిన్న టీమ్ గెలిచాక ఏమవుతుంది?

ఎడిసన్, న్యూజెర్సీ
ఏప్రిల్ 2025

చిన్నా,

ఆదివారం ఫోన్లో కాలేజీ బాస్కెట్‌బాల్ గురించి నువ్వన్న మాటకి అప్పుడే జవాబు చెబుదామనుకున్నాను. మీ నాన్న పక్కనుంచి అందుకుని నీ వైపే మాట్లాడటంతో కుదరలేదు. "చిన్న కాన్ఫరెన్సుల కథ అయిపోయిందమ్మా, ఇంక మార్చ్ మ్యాడ్‌నెస్ అంటే పెద్దవాళ్ల ఆటే" అన్నావు. కాన్ఫరెన్సులంటే కాలేజీల లీగులు, మార్చ్ మ్యాడ్‌నెస్ అంటే వాటి నుంచి వచ్చిన టీములు ఆడే, ఒక్క ఆట ఓడితే ఇంటికే పోయే టోర్నమెంట్. తీరిగ్గా రాస్తున్నాను, చదువు.

నీ లెక్క తప్పు కాదు. ఈ ఏడాది స్వీట్ సిక్స్‌టీన్‌కి అంటే చివరి పదహారుకి చేరిన టీముల్లో ఏడు ఎస్ఈసీవి, నాలుగు బిగ్ టెన్‌వి, నాలుగు బిగ్ ట్వెల్వ్‌వి, ఒకటి ఏసీసీది. ఈ నాలుగు పెద్ద కాన్ఫరెన్సుల బయటివాళ్లు ఒక్కరూ లేరు. ఫైనల్ ఫోర్‌లో నాలుగూ ఒకటో సీడ్‌లే. సీడ్ అంటే టోర్నమెంట్‌లోని నాలుగు విభాగాల్లో బలాన్ని బట్టి టీములకి ఇచ్చే నంబరు, ఒకటంటే అందరికంటే బలమైనది. 2008 తర్వాత మళ్లీ ఇప్పుడే అలా జరిగింది. కానీ దానికి ముందు రౌండ్లు కూడా చూశావు కదా? 12వ సీడ్ మెక్‌నీస్ క్లెమ్సన్‌ని 69-67తో ఇంటికి పంపింది. 11వ సీడ్ డ్రేక్ మిస్సోరిని పది పాయింట్ల తేడాతో ఓడించింది. కొలరాడో స్టేట్ మేరీల్యాండ్ మీద ఒక్క పాయింటు ముందుంది, డెరిక్ క్వీన్ ఆఖరి క్షణంలో వేసిన షాట్ బోర్డుకి తగిలి లోపల పడింది. అది పడకపోతే నీ లెక్కే మారిపోయేది. గొంజాగాని మాత్రం ఇందులో కలపకు, అది చిన్న కాన్ఫరెన్సులో కూర్చున్న పెద్ద టీమ్.

ఒక్క రాత్రి గెలవడం వీళ్లకి ఇప్పటికీ చేతనవును. గెలిచిన టీమ్‌ని వచ్చే ఏడాదికి నిలబెట్టుకోవడమే కష్టమైపోయింది. మన న్యూజెర్సీలోనే రెండు ఉదాహరణలున్నాయి.

జెర్సీ సిటీ ఇండియా స్క్వేర్‌లో సరుకులు కొనుక్కుని కెన్నెడీ బులెవార్డ్ మీద దక్షిణంగా వస్తే సెయింట్ పీటర్స్ యూనివర్సిటీ కనిపిస్తుంది. 2022లో వాళ్లు 15వ సీడ్. రెండో సీడ్ కెంటకీని ఓవర్‌టైమ్‌లో 85-79తో కొట్టారు, తర్వాత మర్రే స్టేట్‌ని, ఆ తర్వాత పర్డ్యూని. అంతకుముందు ఏ 15వ సీడూ ఎలీట్ ఎయిట్ (చివరి ఎనిమిది) దాకా వెళ్లలేదు. అక్కడ నార్త్ కరోలినా చేతిలో 20 పాయింట్ల తేడాతో ఓడారు. ఓడిన కొద్ది రోజులకే కోచ్ షహీన్ హాలోవే సీటన్ హాల్‌కి వెళ్లిపోయాడు. అది తను చదివి, ఆడిన కాలేజీ, తప్పు పట్టను. ఆటగాడు కేసీ ఎన్‌డెఫో కూడా అక్కడికే వెళ్లాడు. మీసాలతో ఫేమస్ అయిన డగ్ ఎడర్ట్ బ్రయంట్‌కి, డారిల్ బ్యాంక్స్ సెయింట్ బొనవెంచర్‌కి వెళ్లారు. మార్చిలో దేశమంతా చప్పట్లు కొట్టిన టీమ్‌లో నవంబర్‌కి పేరు తప్ప పెద్దగా ఏమీ మిగల్లేదు.

మరుసటి ఏడాది మన రెండో ఉదాహరణ, ఫేర్లీ డికిన్సన్ యూనివర్సిటీ. ముందు సీజన్‌లో నాలుగే ఆటలు గెలిచిన టీమ్ అది. కింది స్థాయి డివిజన్ టూ నుంచి కోచ్‌గా వచ్చిన టోబిన్ ఆండర్సన్ తన పాత కాలేజీ కుర్రాళ్లని వెంట తెచ్చుకున్నాడు. గెలిచినవాళ్లకి టోర్నమెంట్‌లో చోటు దక్కే కాన్ఫరెన్స్ ఫైనల్లో వాళ్లు మెరిమాక్ చేతిలో ఓడిపోయారు కూడా. డివిజన్ వన్‌కి కొత్తగా వచ్చిన మెరిమాక్‌కి ఇంకా టోర్నమెంట్ అర్హత లేదు కాబట్టి ఆ చోటు వీళ్లకి దక్కింది. అలా వచ్చిన 16వ సీడ్ ఒకటో సీడ్ పర్డ్యూని 63-58తో పడగొట్టింది. పురుషుల టోర్నమెంట్‌లో అలా జరగడం అది రెండోసారి, మొదటిది 2018లో యూఎంబీసీ వర్జీనియాని ఓడించడం. పర్డ్యూలో జాక్ ఈడీ ఎత్తు 7 అడుగుల 4 అంగుళాలు. వీళ్ల గార్డు డెమెట్రీ రాబర్ట్స్ 5 అడుగుల 8 అంగుళాలు, ఇంచుమించు మీ బాబాయంత.

దీన్ని అదృష్టం అంటావేమో. ఈడీ చుట్టూ ముందొకడు, వెనకొకడు నిలబడి బంతి అందనివ్వలేదు. "బయటనుంచి వేసుకోండి" అని మిగతావాళ్లని వదిలేశారు. పర్డ్యూ 26 త్రీలు (దూరం నుంచి వేసే మూడు పాయింట్ల షాట్లు) వేస్తే ఐదే పడ్డాయి. ఏడు ఆటల సిరీస్ అయితే పర్డ్యూ రెండో ఆటకే సర్దుకునేది. ఇక్కడ రెండో ఆట లేదు. 2024లో ఓక్లాండ్ కెంటకీని ఓడించిన రోజూ అంతే (కాలిఫోర్నియా ఓక్లాండ్ కాదు, మిషిగన్‌లోది). ఓక్లాండ్ ఆటగాడు జాక్ గోల్కీ ఒక్కడివే పది త్రీలు పడ్డాయి. అతనూ డివిజన్ టూ నుంచి వచ్చినవాడే, కాస్త వయసు ముదిరినవాడు. కెంటకీలో ఆడేవాళ్లలో చాలామంది మొదటి ఏడాది పిల్లలు. చిన్న టీమ్‌కి అనుకూలించేవి ఇవే: ఒకే ఆట, దూరం నుంచి పడే షాట్లు, కలిసి ఆడిన ఏళ్లు.

ఆ మూడోదే ఇప్పుడు చేజారిపోతోంది. పర్డ్యూని ఓడించిన వారం తిరక్కుండానే ఆండర్సన్ అయోనా యూనివర్సిటీకి వెళ్లాడు. ఎందుకంటే అయోనాలో ఉన్న కోచ్ రిక్ పిటీనోని సెయింట్ జాన్స్ లాక్కుంది. ఈ మార్చిలో మెక్‌నీస్ కోచ్ విల్ వేడ్ నార్త్ కరోలినా స్టేట్‌కి, డ్రేక్ కోచ్ బెన్ మెకాలమ్ అయోవాకి వెళ్లారు. కోచ్ వెళ్తే కుర్రాళ్లూ పోర్టల్‌లో (కాలేజీ మారాలనుకునే ఆటగాళ్ల జాబితాలో) పేరు పెట్టేస్తున్నారు. మా రోజుల్లో చిన్న ఊళ్ల స్కూళ్లలో పదో తరగతి ఫస్టొచ్చిన పిల్లని విజయవాడ కాలేజీలవాళ్లు ఫీజు లేకుండా తీసుకుపోయి, ర్యాంకు రాగానే ఫొటో తమ ప్రకటనలో వేసుకునేవాళ్లు. చదువు చెప్పిన మాస్టారి ఊసే ఉండేది కాదు. ఇదీ అలాగే ఉంది.

ఆటగాళ్లని మాత్రం ఏమీ అనను. నువ్వే ఆ పిల్లాడివైతే, నాలుగింతలు డబ్బిస్తామని ఎవరైనా పిలిస్తే, పెట్టె నేనే సర్దేదాన్ని. నా కోపం వేరే చోట ఉంది. కోచ్ మధ్యలో వెళ్తే కాంట్రాక్టు ప్రకారం పాత కాలేజీకి కొంత డబ్బు ముడుతుంది. ఆటగాడు వెళ్తే పెంచినవాళ్లకి మామూలుగా పైసా రాదు. ఫుట్‌బాల్ క్లబ్బుల్లో ట్రాన్స్‌ఫర్ ఫీజు ఉన్నట్టు ఇక్కడా ఎందుకుండకూడదు? లెక్కలు చూసే ఉద్యోగం కదా, నా బుర్ర అటే పోతుంది.

ఇంకో లెక్క కూడా చెప్తాను. టోర్నమెంట్‌లో ఆడిన ఒక్కో ఆటకి కాన్ఫరెన్స్‌కి ఒక వాటా వస్తుంది. ఆరేళ్ల మీద కలిపితే సుమారు 20 లక్షల డాలర్లు. ఎస్ఈసీ నుంచి ఈసారి 14 టీములు వచ్చాయి, అదో రికార్డు. చిన్న కాన్ఫరెన్సుకి చాలాసార్లు ఒకే టీమ్, ఆ టీమ్ గెలిచే ఒక్క ఆటే అందరికీ పండగ. ఆ ఒక్కటి దాటి, గెలుపులు చూసి కమిటీ ఇచ్చే రెండో చోటు రాకపోవడానికీ కారణముంది. పెద్దవాళ్లు వీళ్ల ఊరికి వెళ్లి ఆడరు. డబ్బిచ్చి తమ జిమ్‌కి పిలిపించుకుని నవంబర్‌లో కొట్టి పంపిస్తారు. మరి పెద్ద గెలుపు రికార్డులో ఎక్కడినుంచి చేరుతుంది?

2024లో ఇండియానా స్టేట్‌కి జరిగింది అదే. 1979లో లారీ బర్డ్ ఫైనల్ దాకా తీసుకెళ్లిన కాలేజీ. 28 విజయాలు, కళ్లజోడు పెట్టుకుని ఆడే రాబీ అవీలా, చూడముచ్చటైన పాసులు. కాన్ఫరెన్స్ ఫైనల్లో డ్రేక్ చేతిలో ఓడగానే కమిటీ వాళ్లని బయట పెట్టింది. పోయి ఎన్ఐటీ (ఇందులో చోటు దొరకనివాళ్లు ఆడే వేరే టోర్నమెంట్) ఆడుకున్నారు, ఫైనల్లో రెండు పాయింట్లతో ఓడారు. ఎవరి చేతిలో? హాలోవే కోచ్‌గా ఉన్న సీటన్ హాల్ చేతిలో! తర్వాత కోచ్, అవీలా ఇద్దరూ సెయింట్ లూయిస్‌కి వెళ్లిపోయారు. ఇప్పుడు 68 టీముల్ని ఇంకా పెంచాలంటున్నారు. పెరిగిన చోట్లు ఇండియానా స్టేట్ లాంటివాళ్లకి వస్తాయని నేననుకోను. బిగ్ టెన్‌లో తొమ్మిదో స్థానంలో ఉన్నవాళ్లకి పోతాయి.

వెళ్లిపోనివాళ్లూ ఉన్నారు, మర్చిపోకు. ఓక్లాండ్ కోచ్ గ్రెగ్ కాంపీ 1984 నుంచి అక్కడే ఉన్నాడు. ప్రిన్స్‌టన్ కోచ్ మిచ్ హెండర్సన్ 1996లో యూసీఎల్ఏని 43-41తో ఓడించిన టీమ్‌లో ఆటగాడు. 2023లో అదే కాలేజీకి కోచ్‌గా అరిజోనాని ఓడించాడు, ఇప్పటికీ కదల్లేదు. ప్రిన్స్‌టన్ ఆడే ఐవీ లీగ్‌లో ఆట స్కాలర్‌షిప్పులే లేవు, అయినా!

కాబట్టి వచ్చే మార్చిలో బ్రాకెట్ (ఏ ఆట ఎవరు గెలుస్తారో ముందే ఊహించి రాసే పట్టిక) నింపేటప్పుడు మొదటి రౌండ్‌లో 12వ సీడ్‌లు రెండైనా పెట్టుకో. ఎలీట్ ఎయిట్ దాకా లాగకు, అంత ధైర్యం నేనే చెయ్యను. మీ నాన్న ఈసారి కూడా డ్యూక్ మీదే పెట్టి ఓడి, నెలరోజులు గిన్నెలు తోమే పందెం కట్టాల్సి వచ్చింది. ఫోన్ చేసినప్పుడు ఆ సంగతి అడుగు, నేను చెప్పానని అనకు.

అమ్మ