కొత్త టైర్లు వేశాక కారవాన్ రోడ్డు మీద ఈదుతోందా? ముందు కాటా వేయించండి

మా దగ్గర టైర్లు మార్పించుకున్న కారవాన్, టెంపో ట్రావెలర్ యజమానులకూ డ్రైవర్లకూ:

ఈ మధ్య టైర్లు మార్చి పంపిన బళ్లు కొన్ని నాలుగు రోజులు తిరక్కుండానే వెనక్కి వచ్చాయి. పాత టైర్లతో బాగానే నడిచిన బండి, కొత్తవి వేశాక ఔటర్ రింగ్ రోడ్డు (ఓఆర్‌ఆర్) మీద వేగం 70 దాటగానే అటూ ఇటూ ఈదుతోందని, లారీ పక్కనుంచి వెళ్తే ఊగిపోతోందని అంటున్నారు. ఇందులో మొదటి తప్పు మాది. కారవాన్‌కి కూడా తలుపు దగ్గరి స్టిక్కర్ చూసి గాలి కొట్టి పంపాం. ఆ స్టిక్కర్ కంపెనీ నుంచి సీట్లతో దిగిన బండి కోసం అంటించింది. మంచం, ఏసీ, బాత్రూము, నీళ్ల ట్యాంకు, జనరేటర్ బిగించాక ఆ లెక్క చెల్లదు.

ఇకమీదట కాటా చీటీ లేకుండా కారవాన్‌కి గాలి ఖరారు చేయం. నీళ్లు, డీజిలు నింపి, సామాను ఎక్కించి, ఎప్పుడూ ప్రయాణించేంత మందిని కూర్చోబెట్టుకుని కాటాకి వెళ్లండి. ముందు చక్రాలు మాత్రమే ఎక్కించి ఒకసారి, బండి మొత్తం ఎక్కించి ఇంకోసారి తూయించండి. మొత్తంలోంచి ముందు బరువు తీసేస్తే వెనక బరువు తెలుస్తుంది. ఆ అంకెలను టైరు కంపెనీ ఇచ్చే బరువు–గాలి పట్టికలో చూసి, ముందుకి వేరుగా, వెనక్కి వేరుగా కొడతాం. టైరు గోడ మీద 121/120 అని ఉంటే, ఆ టైరు ఒంటరిగా 1,450 కేజీలు, జంటలో (వెనక ఒకే పక్క రెండు టైర్లు కలిపి వేసినప్పుడు) ఒక్కొక్కటి 1,400 కేజీలు మోస్తుందని అర్థం. కాటా చీటీలో ఒక యాక్సిల్ బరువు, దాని మీదున్న టైర్లన్నిటి హద్దులు కలిపిన మొత్తాన్ని దాటితే ఎంత గాలి కొట్టినా లాభం లేదు. సామాను దించాలి, లేదా వీల్ డిస్కుకి సరిపడే బలమైన టైరు వెయ్యాలి.

ఎంత బరువున్నది అన్నదానికంటే ఎక్కడున్నది అన్నదే స్టీరింగ్‌ని ఎక్కువ పాడుచేస్తుంది. వీల్‌బేస్ (ముందు, వెనక యాక్సిళ్ల మధ్య దూరం) 3,700 మిల్లీమీటర్లున్న బండిలో, వెనక యాక్సిల్‌కి మీటరు వెనకగా 300 కేజీల నీళ్లు, జనరేటర్ పెట్టారనుకోండి. వెనక యాక్సిల్ మీద పడేది 300 కాదు, 381. ఆ పైన 81 కేజీలు ముందు యాక్సిల్ నుంచి లేచిపోయినవే. ముందు తేలికైతే స్టీరింగ్ గాల్లో తిప్పినట్టే ఉంటుంది. నీళ్ల ట్యాంకు రెండు యాక్సిళ్ల మధ్యకు మార్పించుకోగలిగితే, అలైన్‌మెంట్‌కి పదిసార్లు తిరిగే ఖర్చు కంటే అదే మేలు.

గాలి ఎప్పుడూ పొద్దున్నే, బండి కదలకముందు చూడండి. 65 పాయింట్ల (పీఎస్‌ఐ) గాలి ఉన్న టైరు 10 డిగ్రీలు వేడెక్కితే రెండున్నర పాయింట్లు పెరుగుతుంది. దారిలో ఎక్కువైందని తీసేస్తే మర్నాటికి తక్కువైపోతుంది. జంట టైర్లలో లోపలిదాన్ని ఎవరూ చూడరు, చాలాసార్లు దోషం అక్కడే ఉంటుంది. జంటలో రెండింటి వ్యాసానికి తేడా 6 మిల్లీమీటర్లు దాటకూడదు. సగం అరిగినదాని పక్కన కొత్తది వేస్తే పెద్దదే ఎక్కువ బరువు మోసి వేడెక్కుతుంది. అలా వెయ్యమని అడిగినా ఇక వెయ్యం. ఒకే యాక్సిల్ మీద నైలాన్ టైరూ రేడియల్ టైరూ కలిపి కూడా వెయ్యం.

గాలి సరిచేశాక కూడా ఈదుతుంటే బండిలో ఆట (అరిగిన భాగాల్లో వదులు) చూడాలి. అరిగిన టైరు మీద పట్టీ (రోడ్డుకి తగిలే రబ్బరు) పలచన, కొత్తదాని మీద మందం. మందమైన పట్టీ ఎక్కువ కదులుతుంది, దానికి తోడయ్యాక అంతవరకూ దాగిన ఆట చేతికి తెలుస్తుంది. ముందు చక్రం జాకీ మీద లేపి, గడియారంలో 12, 6 ఉండే చోట పట్టుకుని ఊపండి. కదిలితే ఇంకొకరిని బ్రేకు తొక్కమనండి. తొక్కగానే ఆట పోతే బేరింగు, పోకపోతే కింగ్‌పిన్ను (స్టీరింగ్ తిప్పితే చక్రం ఏ పిన్ను మీద మలుగుతుందో అది). 3, 9 దగ్గర పట్టుకుంటే కదిలేది టై రాడ్ ఎండు (స్టీరింగ్ రాడ్డు చివరి కీలు). ఈ ఆట ఉంచుకుని అలైన్‌మెంట్ చేయించుకోవడం డబ్బు పారేసుకోవడమే. కాబట్టి ముందు మీకు చూపించి, రిపేరయ్యాకే అలైన్‌మెంట్ చేస్తాం. అదీ ఖాళీ బండికి కాదు, కాటాకి తెచ్చినంత బరువుతో. బరువు మారితే కమాన్లు (లీఫ్ స్ప్రింగులు) కుంగుతాయి, ముందు కొలతలు మారతాయి.

కమాన్ల సంగతి ఇంకొంచెం చెప్పాలి. వెనక కుంగిందని కమానులో అదనపు ఇనుప పట్టీ వేయించి, పనిలో పనిగా వెనక పెద్ద సైజు టైర్లు వేయించుకుంటున్నారు. 3,700 వీల్‌బేస్ మీద వెనక భాగం 65 మిల్లీమీటర్లు లేస్తే ముందు క్యాస్టర్ (కింగ్‌పిన్ను వెనక్కి వాలి ఉండే కోణం) సుమారు ఒక డిగ్రీ తగ్గిపోతుంది. మలుపు తిప్పాక స్టీరింగ్ తనంతట తాను నిటారుకి రావాలంటే ముఖ్యంగా క్యాస్టరే ఆధారం. కమాన్లున్న ముందు యాక్సిల్‌కి దాన్ని నట్టు తిప్పి సరిచేయలేం. కమానుకీ యాక్సిల్‌కీ మధ్య ఏటవాలు ప్లేటు పెట్టాలి. కమాను పట్టీలు విప్పి బిగించినచోట, యాక్సిల్‌ని కమానుకి పట్టి ఉంచే యూ బోల్టులు వదులై యాక్సిల్ కొంచెం జరిగిందేమో కూడా చూడండి. రెండు వైపులా కమాను ముందు పిన్ను నుంచి యాక్సిల్ మధ్యకి టేపు పెట్టి కొలవండి. 3 మిల్లీమీటర్లకి మించి తేడా ఉంటే బండి ఎండ్రకాయలా పక్కకి నడుస్తుంది.

ఒకే పక్కకి లాగడం వేరే జబ్బు. మన రోడ్లు ఎడమకి వాలుగా ఉంటాయి కాబట్టి కొద్దిగా ఎడమకి పోవడం సహజం. అంతకు మించి లాగితే ముందు టైర్లు రెండూ అటుదిటు మార్చండి. లాగే దిక్కు మారితే దోషం టైరుది, ఆ టైరు మేం మారుస్తాం. మారకపోతే అలైన్‌మెంటో, పట్టేసిన బ్రేకో. ఇరవై కిలోమీటర్లు నడిపి ఆపి, ముందు రెండు చక్రాల బ్రేకుల దగ్గరా చెయ్యి పెట్టకుండా సెగ చూడండి. ఒకటి బాగా వేడిగా ఉంటే బ్రేకే. 80 దగ్గర మొదలై వేగం పెరిగితే తగ్గే వణుకు బ్యాలెన్సింగ్‌ది. 30 దగ్గరే ఎగిరితే టైరు ఉబ్బిందో, వీల్ డిస్కు సరిగ్గా కూర్చోలేదో చూడాలి. ఈ పనికి ఆలస్యం చేయకండి.

ఏ దోషమూ లేకపోయినా కొత్త టైరు మొదటి కొన్ని వందల కిలోమీటర్లు మెత్తగా కదులుతుంది. పట్టీ గళ్లు లోతుగా ఉంటాయి, పైన అచ్చు నుంచి వచ్చిన జారుడు పూత ఉంటుంది. 500 కిలోమీటర్లు నెమ్మదిగా నడపండి. మొదటి 50–100 కిలోమీటర్లకే వీల్ నట్లు టార్క్ రెంచితో మళ్లీ బిగించాలి, అందుకు వస్తే డబ్బు తీసుకోం. స్టిక్కర్ చూసి మేం గాలి కొట్టి పంపిన కారవాన్లకి పట్టిక ప్రకారం గాలి సరిచేయడం కూడా ఉచితమే. కాటా రుసుము మాత్రం మీది. ఇంతకుముందు గంటలో అయ్యే పనికి ఇప్పుడు సగం పూట పడుతుంది, షూటింగుకి బయల్దేరే రోజు కాకుండా ముందు రోజే తీసుకురండి.