అతుకు ఎక్కడుందో పిల్లలు పట్టేశారు

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

పోయినసారి పేరెంట్స్ మీటింగులో ఎనిమిదో తరగతి అబ్బాయి వాళ్ల నాన్నగారు లేచి ఒక మాట అడిగారు. "సార్, కంప్యూటర్ క్లాసులో ఏం నేర్చుకున్నావురా అంటే మావాడు ఎద్దు బొమ్మ కత్తిరించి సముద్రం మీద అతికించానంటాడు. ఇందుకేనా కంప్యూటర్లు?" అందరూ నవ్వారు, నేనూ నవ్వేశాను. టైం లేక అప్పుడు సరైన జవాబు చెప్పలేదు. తర్వాత రెండు వారాలకు జవాబు దానంతటదే వచ్చి నా నెత్తిన పడింది. అందుకే ఈ నెల ఉత్తరం కాస్త పొడుగు.

ముందు ఎద్దు సంగతి. వార్షికోత్సవానికి మన నెల్లూరు జిల్లా గురించి పెద్ద పోస్టర్ చేయాలని పిల్లల ఆలోచన. ఉదయగిరి కోట, నెల్లూరు రంగనాయకస్వామి గుడి గాలిగోపురం, మైపాడు బీచి, ఇసుక మీద ఠీవిగా ఒంగోలు గిత్త. గిత్త పక్క జిల్లాదని కొందరు, మా తాత కొట్టంలో ఉన్నది మనది కాకుండా ఎలా పోతుందని కొందరు కాసేపు వాదించుకున్నారు. బ్రెజిల్ వాళ్లు ఈ జాతిని 'నెలోర్' అనే పిలుస్తారని చెప్పాక మన కావలి పిల్లల గొడవ సద్దుమణిగింది.

ల్యాబులో ఉన్నవి పాత కంప్యూటర్లు. ఫొటోల పనికి వాటిలో ఉన్నది పెయింట్ ఒక్కటే. 1985లో మొదటి విండోస్‌తో పాటు వచ్చిన ప్రోగ్రామ్ అది, నలభై ఏళ్లు దాటినా చిన్నపిల్లలకు ఇంకా అదే మొదటి మెట్టు. గిత్త బొమ్మ తెరిచారు. సెలెక్ట్ పెట్టి చుట్టూ గీత లాగి, కాపీకి కంట్రోల్ సి కొట్టి, బీచి ఫొటోలోకి వెళ్లి అతికించడానికి కంట్రోల్ వి కొట్టారు. గిత్త ఎడమవైపు పై మూలలో, మేఘాల మధ్య, తెల్లటి డబ్బాతో సహా వచ్చి కూర్చుంది.

ఆ డబ్బా పోవడానికి ట్రాన్స్‌పరెంట్ సెలెక్షన్ అని ఒకటుంది. టిక్ పెట్టారు. డబ్బా పోయింది. గిత్త కూడా పోయింది! కొమ్ములు, కళ్లు, గిట్టలు, ఒళ్లంతా ఒక నల్ల గీత మిగిలి, మూపురంలోంచి అలలు కనిపిస్తున్నాయి. క్లాసంతా ఒకటే నవ్వు. పెయింట్‌కు ఎద్దు ఏదో, దాని వెనక కాగితం ఏదో తెలియదు. దానికి తెలిసింది రంగు. 'రెండో రంగు' గడిలో ఏ రంగు ఉంటే దాన్ని లేనట్టు చూస్తుంది. ఆ గడిలో మామూలుగా ఉండేది తెలుపు. మన గిత్తదీ తెలుపే.

ఒక అమ్మాయి మాత్రం నవ్వలేదు. పాత బొమ్మ మళ్లీ తెరిచి గిత్త చుట్టూ పెన్సిల్‌తో సన్నగా ఆకుపచ్చ గీత గీసింది. ఎక్కడా తెగకుండా గీయడానికి ఒక పీరియడ్ పట్టింది. తెగితే ఏమవుతుందో ముందు రెండుసార్లు చూసింది లెండి, పెయింట్‌లోని బకెట్ గుర్తుతో బయట రంగు పోస్తే తెగినచోటు నుంచి లోపలికి కారి గిత్త మొత్తం పచ్చబడింది. మూడోసారి గీత నిలిచింది. బయటంతా పచ్చ రంగు పోసి, ఆ పచ్చనే రెండో రంగుగా పెట్టి, అప్పుడు కాపీ చేసింది. ఈసారి పచ్చ మాయమైంది, గిత్త తెల్లగా ఇసుక మీద నిలబడింది. అంచుల్లో మిగిలిన నలుసుల్ని జూమ్ చేసి చుక్క చుక్కా దిద్దడానికి ఇంకో పీరియడ్. పైగా మన పాత పెయింట్‌లో అతికించిన ముక్క పక్కన ఒక్కసారి క్లిక్ చేశామా, అది బొమ్మలో కలిసిపోతుంది. మళ్లీ కదపాలంటే కంట్రోల్ జెడ్ కొట్టుకుంటూ వెనక్కి రావాల్సిందే. విడివిడిగా పొరలు పెట్టుకునే సౌకర్యం ఆ ప్రోగ్రామ్‌కు 2023లో, అదీ విండోస్ 11లో వచ్చింది. మన ల్యాబుకు ఎప్పుడొస్తుందో!

చదువుకునే రోజుల్లో వేసవి సెలవులకు నేను ఒక ప్రింటింగ్ ప్రెస్సులో పనిచేశాను. పెళ్లి శుభలేఖలు, కరపత్రాలు. అక్షరాలున్న కాగితాన్ని బ్లేడుతో కోసి, గమ్ పూసి, స్కేలు ఆనించి అతికించడమే పని. అంచు కాస్త లేచినా ప్రింటులో సన్నటి నల్ల నీడ పడేది. పడకుండా అంచు మీద తెల్ల రంగు పూసేవాళ్లం. ఇప్పటి కట్, కాపీ, పేస్ట్ మాటలకు మూలం ఆ కత్తెర, జిగురు పనే. 1970లలో అమెరికాలో జిరాక్స్ పరిశోధనా కేంద్రంలో లారీ టెస్లర్, ఆయన తోటివాళ్లు దాన్ని కంప్యూటర్లోకి తెచ్చారు. జిగురు పోయింది కానీ అంచు దిద్దుకునే తిప్పలు పోలేదు.

ఇక నా నెత్తిన పడిన సంగతి. వాన పట్టుకుని రెండు రోజులైంది. రాత్రి తొమ్మిదిన్నరకు గ్రూపులో ఒక కాగితం ఫొటో వచ్చింది: భారీ వర్షాల వల్ల 22వ తేదీ పాఠశాలలకు సెలవు. కింద సంతకం, స్టాంపు, అన్నీ ఉన్నాయి. నేను చూశాను, నమ్మాను, టీచర్ల గ్రూపుకు, తరగతి గ్రూపులకు ఫార్వర్డ్ చేసి హాయిగా పడుకున్నాను. పొద్దున్నే పైఆఫీసు నుంచి ఫోన్. "సెలవని ఎవరు చెప్పారండీ మీకు?" గబగబా మెసేజ్ పెట్టినా సగం మంది పిల్లలు రాలేదు. వండిన మధ్యాహ్న భోజనం మిగిలిపోయింది. పనులు మానుకుని పిల్లలతో ఇంట్లో ఉండిపోయిన తల్లులందరికీ క్షమాపణ చెబుతున్నాను. తప్పు నాదే.

మర్నాడు ఆ ఫొటోను కంప్యూటర్ సార్ ల్యాబులో తెరిచారు. ఇందులో ఏముందో చూడండ్రా అన్నారు, అంతే. ఐదు నిమిషాలు కాలేదు, పచ్చ గీత అమ్మాయి చెయ్యెత్తింది. "సార్, 22లో రెండు అంకెలకీ తోక కింద ఒకే మచ్చ ఉంది." ఎనిమిది వందల శాతం జూమ్ చేసి చూపించారు. నిజమే. స్కాన్ చేసేటప్పుడు పడ్డ నలుసు ఒక అంకె కింద పడుతుంది. పక్క అంకె కింద కూడా అదే చోట, అదే ఆకారంలో ఎలా పడుతుంది? ఇంకొకడు లేచి, మొదటి 2 చుట్టూ కాగితం రంగు ఒక వెంట్రుకవాసి తేడాగా ఉందనీ, ఆ తేడా సరిగ్గా చతురస్రంగా ఉందనీ చూపించాడు. అంతకు పది రోజుల ముందు వచ్చిన అసలు ఉత్తర్వు నా ఫోనులోనే ఉంది, తేదీ 12. అందులోని 2ను కాపీ చేసి 1 మీద అతికించారు. అది చేసిన వాళ్లకు పట్టింది బహుశా ఒక నిమిషం. నేను రెండు కాగితాలూ చూసినవాణ్నే, నాకు తట్టలేదు.

పాము కాళ్లు పాముకే తెలుస్తాయంటారు. రెండు పీరియడ్లు కూర్చుని అంచులు దిద్దిన పిల్లకు ఇతరులు దిద్దకుండా వదిలేసిన అంచు కనపడింది. ఆ నాన్నగారికి నా జవాబు ఇదేనండీ. ఎద్దును అతికించడం మానిపించను.

అయితే ఒక హద్దు పెట్టాం. తోటి పిల్లల ముఖాలు, టీచర్ల ముఖాలు, ఎవరి సంతకమూ ముట్టుకోకూడదు. ఊరికే పెట్టలేదు. ఒకడు సర్క్యులర్ ఫొటోలోంచి నా సంతకం తీసి, 'ఈ విద్యార్థికి వారం రోజులు హోంవర్క్ మినహాయింపు' అని సర్టిఫికెట్ తయారు చేసుకున్నాడు. సంతకం చక్కగానే అతికింది, 'మినహాయింపు'లో అక్షరం తప్పు రాసి దొరికిపోయాడు. పిలిచి మాట్లాడాను, ఇంట్లో చెప్పలేదు, పేరు అడక్కండి. ముఖాలతో ఇలాంటిది జరిగితే మాత్రం నవ్వి ఊరుకునే సంగతి కాదు. మీ ఇంట్లో ఫోనులో అలాంటిదేమైనా కంటపడితే నాకు నేరుగా చెప్పండి. మీరు కూడా సంతకం ఉన్న కాగితాలు, పిల్లల ఆధార్ ఫొటోలు స్టేటస్‌లో పెట్టకండి. ఇకమీదట సెలవు ఉంటే నేను నా గొంతుతో వాయిస్ మెసేజ్ పెడతాను. కాగితం ఫొటో ఒక్కటే వస్తే బడి ఉన్నట్టే లెక్క.

చివరగా పోస్టర్ సంగతి. మీ ఇళ్లలో పాత ఫొటోలుంటే కావాలి: మన రైల్వే స్టేషన్, చెరువు, తిరునాళ్లు, పొలంలో గిత్తలు, ఏదైనా సరే. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫొటో నలిగిపోయి వస్తుంది, పెద్దది చేస్తే గళ్లు గళ్లుగా కనిపిస్తుంది. క్లిప్ గుర్తు నొక్కి 'డాక్యుమెంట్'గా పంపండి. అది తెలియకపోతే ఫొటోనే కవరులో పెట్టి, వెనక పెన్సిల్‌తో పేరు, తరగతి రాసి పిల్లలతో పంపించండి. స్కాన్ చేసి అదే కవరులో తిరిగి ఇస్తాం. రెండో శనివారం లోపు అందితే చాలు.

ఇట్లు,
మీ ప్రధానోపాధ్యాయుడు