నిజనిర్ధారణ మా ఇంటి దగ్గర మొదలుపెట్టండి

సంపాదకులకు నమస్కారం. విదేశాల్లో యుద్ధంలో చిక్కుకున్న మన పిల్లల విషయంలో ఏం జరిగిందో పార్లమెంటు కమిటీ నిజం తేల్చాలని, అది మాలాంటి తల్లిదండ్రుల దగ్గరే మొదలవ్వాలని ఈ ఉత్తరం.

నేను మిర్యాలగూడలో రైస్ మిల్లు గుమస్తాను. 2022 ఫిబ్రవరి 24న ఉక్రెయిన్‌లో యుద్ధం మొదలైనప్పుడు మా పెద్దోడు ఖార్కివ్‌లో ఎంబీబీఎస్ మొదటి సంవత్సరం. వాడికి ఏప్రిల్‌లో పద్దెనిమిది నిండాలి. పద్దెనిమిదేళ్ల లోపు వాళ్లు బాలలేనని ఐక్యరాజ్యసమితి 1989 నాటి బాలల హక్కుల ఒడంబడిక చెబుతుంది. మన దేశం 1992లో అందులో చేరింది. ఆ లెక్కన బాంబుల మధ్య చిక్కుకున్నవాడు బాలుడే.

ఫిబ్రవరి 15నే మన రాయబార కార్యాలయం, ఉండక తప్పదనుకునేవాళ్లు తప్ప మిగతావాళ్లు, ముఖ్యంగా విద్యార్థులు, కొన్నాళ్లు వచ్చేయడం ఆలోచించుకోమంది. వాడు ఫోన్ చేశాడు. క్లాసులు ఆగవు, అటెండెన్స్ పోతుందని కాలేజీ అన్నదట. చేర్పించిన ఏజెంటు ఏం కాదన్నాడు. ఎకరంనర అమ్మి పంపినవాణ్ని, టికెట్ ధర విని నేనూ "ఇంకో వారం చూద్దాం బిడ్డా" అన్నాను. ఆ మాట ఇప్పటికీ నన్ను నిద్రపోనివ్వదు.

తర్వాత మెట్రో స్టేషన్‌లో నేల మీద ఆరు రాత్రులు. మార్చి 2న, వెంటనే ఖార్కివ్ వదలండి, బండి దొరక్కపోతే నడిచైనా సాయంత్రం ఆరు లోపు పెసోచిన్ వైపు చేరండి అని ప్రకటన వచ్చింది. పదకొండు కిలోమీటర్లు మంచులో నడిచాడు. ఆ సాయంత్రం వాడి ఫోన్ ఆగిపోయింది. మళ్లీ మోగేదాకా వాళ్లమ్మ మంచినీళ్లు కూడా ముట్టలేదు.

'ఆపరేషన్ గంగ'లో నలుగురు కేంద్ర మంత్రులు పొరుగు దేశాలకు వెళ్లి మరీ పిల్లల్ని తెచ్చారు. మా వాడూ అట్లనే వచ్చాడు. ఆ మేలు మరవను. కానీ ఫిబ్రవరి 15 నుంచి 24 దాకా ఎందుకు కదల్లేదని మమ్మల్ని ఎవరూ అడగలేదు. 2025 జూన్‌లో యుద్ధం నడుమ ఇరాన్ నుంచి 110 మంది విద్యార్థులు ఆర్మేనియా మీదుగా ఢిల్లీ చేరిన వార్త చూసినప్పుడు మళ్లీ అదే టెన్షన్. ఆ తల్లిదండ్రులకూ ఎవరో "ఏం కాదు" అని చెప్పే ఉంటారు.

నల్లగొండ కోర్టులో వకీలుగా ఉన్న మా మేనల్లుడు లోక్‌సభ నిబంధనలు తెచ్చి చదివి వినిపించాడు. విదేశాంగ వ్యవహారాల స్థాయీ సంఘంలో, అంటే ఆ శాఖ పనిని పరిశీలించే ఎంపీల కమిటీలో, 31 మంది ఉంటారు, 21 మంది లోక్‌సభ నుంచి, పదిమంది రాజ్యసభ నుంచి. 270వ నిబంధన ప్రకారం కమిటీ మనుషుల్ని, కాగితాల్ని పిలిపించుకోవచ్చు. పార్లమెంటు భవనం బయట కూర్చోవాలంటే 267 కింద స్పీకర్ అనుమతిస్తే చాలు. కమిటీ సిఫార్సులపై ఏం చేసిందో ప్రభుత్వం మూడు నెలల్లో చెప్పాలి. మంత్రి ఒక్కరే సభలో ప్రకటన చదవడం కంటే ఇది ఎంతో మేలు. ఇందులో మాలాంటి వాళ్ల నోటి మాట కూడా రికార్డుకు ఎక్కుతుంది.

నల్లగొండ, భువనగిరి, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్ ఎంపీలకు నా విన్నపం. యుద్ధంలో చిక్కుకున్న పిల్లల సంగతి, ఎంపీలు ప్రజా సమస్యలు లేవనెత్తే 377వ నిబంధన కింద సభలో ఎత్తండి. అలా చిక్కుకున్నవాళ్లలో పద్దెనిమిది నిండనివాళ్లు ఎందరో ప్రశ్న వేసి రాతపూర్వకంగా జవాబు తెప్పించండి. దీన్నొక అంశంగా చేపట్టి, తల్లిదండ్రుల్ని సాక్షులుగా పిలవమని స్థాయీ సంఘం అధ్యక్షులకు ఉత్తరం రాయండి. కమిటీ ఖార్కివ్ దాకా పోలేకపోవచ్చు, నల్లగొండ కలెక్టరేట్‌కు రావచ్చు కదా!

ఆ తొమ్మిది రోజుల వాట్సాప్ మెసేజ్‌లు, ఏజెంటు పంపిన వాయిస్‌లతో సహా, నా పాత ఫోన్‌లో అలాగే ఉన్నాయి. పిలిస్తే తెచ్చి ముందు పెడతాను.

— ఒక తండ్రి, మిర్యాలగూడ, నల్లగొండ జిల్లా