క్లోరిన్ డోసింగ్ పంపు ప్రెషర్ కొట్టుకోవడం గురించి ఫిర్యాదు

సర్వీస్ మేనేజర్ గారికి,

విషయం: మా మంచినీటి పథకంలో నీళ్ళలో క్లోరిన్ మందు కొలిచి వేయడానికి మీరు బిగించిన డోసింగ్ పంపు లైను అదరడం, మందు సమంగా పడకపోవడం.

అయ్యా,

కోనసీమ శివారు ఊళ్ళకి నీళ్ళిచ్చే మా ఫిల్టర్ హౌస్‌లో మీ పంపుని రోజూ చూసుకునేది నేనే. ఎప్పుడు ఫోన్ చేసినా "ఒక్క హెడ్ (మందు లాగి తోసే గది) ఉన్న పంపు అలాగే కొట్టుకుంటుందండీ, దాని తీరే అంత" అంటున్నారు. నిజమే. పంపులో ముందుకీ వెనక్కీ ఆడే పొర, అదే డయాఫ్రమ్, లాగేటప్పుడు బయటికి చుక్క రాదు, తోసేటప్పుడు మాత్రం సగటుకి మూడు రెట్లు దాటిన వేగంతో వస్తుంది. ఆ సంగతి తెలిసే ఆర్డరులో ఆ దెబ్బని మెత్తబరిచే పల్సేషన్ డ్యాంపెనర్, పంపు ఎదుట ప్రెషర్ నిలకడగా ఉంచే బ్యాక్ ప్రెషర్ వాల్వు రెండూ రాయించాం. మీ బిల్లులోనూ రెండూ ఉన్నాయి. వాల్వు ఇంతవరకు రాలేదు.

డ్యాంపెనర్ వచ్చింది గానీ దాన్ని పంపు పక్కన కాకుండా లైను చివర, నీళ్ళ మెయిన్ పైపులో కలిసే చోట బిగించి వెళ్ళారు. పంపు నుంచి అక్కడిదాకా ఉన్న పైపంతా దెబ్బలు తింటూనే ఉంది. పైగా డ్యాంపెనర్ తల మీద పిన్ను నొక్కి చూస్తే బుస్సుమని గాలి రాలేదు. లైను ప్రెషర్‌లో దాదాపు 80 శాతం వరకు ముందే ఛార్జ్ చేసి ఉంచాల్సింది, అసలు నింపనే లేదు. గాలి లేని డ్యాంపెనర్ ఉత్త డబ్బా.

ఒకసారి మీరే వచ్చి గేజి ముందు నిలబడండి. మెయిన్‌లో ప్రెషర్ చదరపు సెంటీమీటరుకి రెండు కేజీల దగ్గర ఉంటే, ముల్లు స్ట్రోకు స్ట్రోకుకీ ఐదు దాకా ఎగిరి పడుతోంది. పీవీసీ పైపు క్లాంపులో ఎగురుతోంది. పైపులు కలిపే యూనియన్ దగ్గర హైపో, అంటే మా క్లోరిన్ మందు ద్రావణం, చెమ్మగా కారి, ఎండి, తెల్లగా పెచ్చు కట్టింది. తుడిస్తే మర్నాటికి మళ్ళీ కడుతోంది. ఆ జాయింటు ఊడితే మందు నా మొహాన పడుతుందేమోనని రోజూ టెన్షనే.

ఈ చప్పుడు తగ్గించడానికి మీ టెక్నీషియన్ స్ట్రోకు పొడవు పెంచి, నిమిషానికి పడే స్ట్రోకులు తగ్గించేశారు. గంటకి పడే మందు లెక్క ఒకటే, కొలత గొట్టంలోనూ సరిగ్గానే తేలింది. కానీ ఇది తిరగేసిన వైద్యం. చిన్న స్ట్రోకు వేగంగా కొడితే మందు సన్నగా, ఎడతెగకుండా పడుతుంది. మరీ చిన్నదైతే కొలత తప్పుతుందని తెలుసు, కానీ మాకు అంత చిన్నది అక్కర్లేదు. ఇప్పుడు గుక్క గుక్కగా పడి మధ్యలో ఆగుతోంది. ట్యాంకులో ఎలాగూ కలిసిపోతుందని ఆయన అన్నారు. మా దగ్గర కొన్ని వీధుల కుళాయిలు ట్యాంకుకి ఎక్కే మెయిన్ మీదే ఉన్నాయి, వాళ్ళకి ఆ కలవడం ఉండదు.

సక్షన్, అంటే పంపు మందు లాగే వైపు, సంగతీ చూడాలి. హైపో డ్రమ్ము నేల మీద, పంపు పైన స్టాండు మీద పెట్టి, సన్నటి గొట్టం పొడుగ్గా లాగారు. ప్రతి లాగుడుకీ ఆ గొట్టంలో ప్రెషర్ పడిపోతుంది. ఎండాకాలం హైపో తనంతట తానే గ్యాసు వదులుతుంది. ఆ బుడగలు హెడ్‌లో చేరితే మోటారు తిరుగుతూనే ఉంటుంది, మందు మాత్రం పడదు. అలా ఆగిన పూట, నీళ్ళలో క్లోరిన్ ఎంతుందో రంగుతో చూపే క్లోరోస్కోప్‌లో పసుపు రంగు జాడే లేదు. మందు మళ్ళీ అందుకున్నాక అదే కుళాయి నీళ్ళు ముదురు పసుపు తిరిగాయి. కుళాయి దగ్గర లీటరుకి కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగలాలని తాగునీటికి భారతీయ ప్రమాణమైన ఐఎస్ 10500 చెబుతోంది. ఆ నీళ్ళు తాగేది పసిపిల్లలున్న ఇళ్ళవాళ్ళు.

ధవళేశ్వరం నుంచి వచ్చే కాలువలు వేసవిలో కట్టేస్తే మాకు చెరువులో నింపుకున్న నీళ్ళే దిక్కు. సముద్రం దగ్గర కాబట్టి బోరు వేస్తే ఉప్పునీరే పడుతుంది. చెరువు తగ్గేకొద్దీ నీళ్ళు పచ్చబడతాయి, మందు సరిగ్గా పడాల్సిన రోజులు అవే.

కాబట్టి బ్యాక్ ప్రెషర్ వాల్వు వెంటనే పంపించండి. డ్యాంపెనర్‌ని పంపు నుంచి మందు బయటికొచ్చే డిశ్చార్జికి ఆనించి, ఆ వాల్వుకి ముందు ఉండేలా మార్చి, మా ప్రెషర్‌కి తగ్గట్టు ఛార్జ్ చేయించండి. లోపల గాలినీ మందునీ వేరుచేసే బ్లాడర్ హైపోకి తట్టుకునే రబ్బరేనని కాగితం మీద రాసివ్వండి. ప్రెషర్ మితిమీరితే వదిలేసే రిలీఫ్ వాల్వు వీటన్నిటికంటే ముందు, పంపు పక్కనే ఉండాలి. డ్రమ్ముకి ఎత్తు దిమ్మ మేమే కట్టిస్తాం, పంపు కంటే ఎంత ఎత్తులో ఉండాలో, గొట్టం ఎంత లావు వేయాలో కొలతలివ్వండి చాలు. ఇవన్నీ బిల్లులో ఉన్నవీ, బిగించడంలో జరిగిన తప్పులూ కాబట్టి అదనంగా డబ్బు కట్టేది లేదు. పని పూర్తయ్యేదాకా మిగిలిన మొత్తం ఆపమని కమిటీకి రాసిచ్చాను.

కాలువలు కట్టకముందే మనిషిని పంపండి. వచ్చేటప్పుడు ఛార్జింగ్ కిట్టు తెమ్మని చెప్పండి, పోయినసారి అది లేకుండానే వచ్చారు.

ఇట్లు,
పంపు ఆపరేటర్,
గ్రామ మంచినీటి పథకం, కోనసీమ