డాక్టర్ ఎవరైనా ఉన్నారా అని అడిగే ముందు... విమానయాన మంత్రి గారికి బహిరంగ లేఖ

మంత్రి గారూ, నమస్కారం.

ఎయిర్‌లైన్ వాళ్లకు ఎన్ని మెయిల్స్ పెట్టినా "మీ అభిప్రాయం మాకు విలువైనది" అన్న జవాబే వస్తోంది, అందుకే మీకు రాస్తున్నా. అశోక్ గజపతిరాజు గారి తర్వాత మళ్లీ మన ఉత్తరాంధ్ర మనిషే ఆ కుర్చీలో ఉన్నారు కదా, కాస్త చనువుగా మాట్లాడినా ఏమనుకోరని నమ్మకం.

హైదరాబాద్ నుంచి ఢిల్లీ వెళ్తుంటే ఒక పెద్దాయన ఒళ్లంతా చెమటలు పట్టి సీట్లోనే వాలిపోయారు. డాక్టర్ ఎవరైనా ఉన్నారా అని మైకులో అడిగితే లేచి వెళ్లాను. ముందు రుజువు చూపించమన్నారు. సరే, అడగాల్సిందే. ఫోన్లో రిజిస్ట్రేషన్ కార్డు వెతికి చూపించాక సీలు తీసి మెడికల్ కిట్ పెట్టె చేతికిచ్చారు. అందులో స్టెతస్కోపు ఉంది, ఇంజన్ల హోరులో దాంతో ఏం వినాలో ఆ పెట్టె సర్దినవాళ్లే చెప్పాలి. నాడి పట్టుకుని పై బీపీ చూశాను, కింది బీపీ దేవుడికెరుక. షుగర్ చూద్దామంటే మిషన్ లేదు! వెనక వరుసలో ఒకావిడ తన హ్యాండ్‌బ్యాగులోది తీసిచ్చారు. చూస్తే షుగర్ బాగా పడిపోయింది. ఈలోగా నాగ్‌పూర్‌లో దించమంటారా అని కెప్టెన్ కబురు. నిర్ణయం ఆయనదే, కానీ విమానం నిండా ఉన్న జనం చూపు నా మీదే. పంచదార నీళ్లతో ఆయన తేరుకున్నారు కాబట్టి సరిపోయింది, అదే గుండె ఆగి ఉంటే? ఆగిన గుండెకు షాక్ ఇచ్చే ఏఈడీ మిషన్ ఉందా అంటే ఎయిర్ హోస్టెస్‌లు మొహమొహాలు చూసుకున్నారు. నూడుల్స్ కప్పులు ఎన్ని మిగిలాయో మాత్రం పక్కా లెక్క ఉంటుంది లెండి. ఆ అమ్మాయిలను అనడం లేదు, ఆక్సిజన్ సిలిండర్ మోస్తూ నాకంటే ఎక్కువ కష్టపడ్డారు పాపం.

అమెరికాలో 1998లోనే విమానంలో సాయం చేసే డాక్టర్లకు రక్షణగా చట్టం తెచ్చారు, 2004 నుంచి పెద్ద విమానాల్లో ఏఈడీ తప్పనిసరి చేశారు. మన దగ్గర 2019లో మోటారు వాహనాల చట్టంలో, సాయం చేసినవాళ్లను కేసుల నుంచి కాపాడే 134ఎ సెక్షన్ చేర్చారు, మంచిదే, కానీ అది రోడ్డు ప్రమాదాలకే కదా సార్. పైన ఏదైనా తేడా జరిగి ఆ కుటుంబం నా మీద కేసు పెడితే నా టెన్షన్ ఎవరు పడాలి? ఇది తెలిసే చాలామంది డాక్టర్లు అనౌన్స్‌మెంట్ వినపడగానే కళ్లు మూసుకుంటున్నారు. వాళ్లను తప్పు పట్టలేను.

మాకూ ఒక రక్షణ ఇవ్వండి, ప్రతి విమానంలో ఏఈడీ పెట్టించండి, స్టెతస్కోపు పక్కన ఒక డిజిటల్ బీపీ మిషన్ కూడా. చట్టానికి టైమ్ పడుతుందంటారా, ముందు ఆ షుగర్ మిషనైనా పెట్టించండి సార్, మందుల షాపులో వెయ్యి రూపాయల లోపే దొరుకుతుంది.