ఆలోచన ఆలస్యంగా వస్తుందా?

చి. లహరికి,

నాన్న ఆశీస్సులు.

మనిషి ఏం చేయాలో మెదడు ముందే తేల్చేస్తుందని, ఆలోచన వెనకాల వచ్చి సంతకం పెడుతుందని సైకాలజీ తరగతిలో విన్నప్పటి నుంచి నీకు మనసు మనసులో లేదని రాశావు. "అలాంటప్పుడు గట్టిగా అనుకుని చదివినా, అనుకోకపోయినా ఒకటే కదా నాన్నా" అన్నావే, ఆ మాట దగ్గర ఆగిపోయాను. ఒకటి కాదు తల్లీ. ఎందుకు కాదో ఫోనులో పొడిపొడిగా చెప్పడం ఇష్టం లేక ఉత్తరం రాస్తున్నాను.

మీకు చెప్పింది బెంజమిన్ లిబెట్ అనే మెదడు శాస్త్రవేత్త శాన్‌ఫ్రాన్సిస్కోలో చేసిన ప్రయోగం. 1983లో అచ్చయింది. మనుషులను కూర్చోబెట్టి, మెదడులోని విద్యుత్తును పసిగట్టే ఎలక్ట్రోడ్లు తలకు అమర్చి, ఎదురుగా ఒక గడియారం ఉంచాడు. అందులో ముల్లు ఉండదు. ఒక వెలుగు చుక్క 2.56 సెకన్లకు ఒక చుట్టు తిరుగుతుంది. ఎప్పుడు బుద్ధి పుడితే అప్పుడు మణికట్టు కదపాలి, కదపాలని అనిపించిన క్షణాన చుక్క ఎక్కడుందో చెప్పాలి. అలా అనిపించింది కదలికకు సుమారు 200 మిల్లీసెకన్ల ముందు. మెదడులో విద్యుత్ సంకేతం మాత్రం సుమారు 550 మిల్లీసెకన్ల ముందే మొదలైంది. ఆ సెకనులో మూడో వంతు తేడా మీద నలభై ఏళ్లుగా వాదన నడుస్తోంది.

అయితే అక్కడ అడిగిందేమిటి? ఎందుకూ పనికిరాని ఒక చిన్న కదలిక. ఎప్పుడు కదిపినా వచ్చేదీ లేదు, పోయేదీ లేదు. 2012లో ఆరన్ షర్గర్ బృందం ఆ సంకేతానికి వేరే అర్థం చెప్పింది. మెదడులో విద్యుత్ చలనం ఎప్పుడూ తనంతట తాను హెచ్చుతగ్గులు అవుతూనే ఉంటుందట. అది ఒక హద్దు దాటినప్పుడు చేయి కదులుతుంది. కదలిక నుంచి వెనక్కు లెక్కగట్టి సగటు తీస్తే ముందే జరిగిన నిర్ణయంలా కనిపిస్తుంది. 2019లో యూరీ మావోజ్ అనే పరిశోధకుడు, అతని సహచరులు ఇంకో అడుగు వేశారు. రెండు సేవా సంస్థల్లో దేనికి వెయ్యి డాలర్ల విరాళం వెళ్లాలో ఎంచుకోమన్నారు. ఏది ఎంచుకున్నా ఫలితం ఒకటే అన్నప్పుడు ఆ సంకేతం కనిపించింది. ఎంపికను బట్టి నిజంగానే డబ్బు వెళుతుందన్నప్పుడు దాదాపు లేకుండా పోయింది. నీ చదువు ఈ రెండో కోవకు చెందుతుందని నా నమ్మకం.

ఇంకొకటి కూడా చూడు. లిబెట్ దగ్గరికి వచ్చినవాళ్లు ముందు అతను చెప్పింది విన్నారు, అర్థం చేసుకున్నారు, సరేనన్నారు. ఆ 'సరే' లేకపోతే ఒక్క మణికట్టూ కదిలేది కాదు. ఆలోచన చేయాల్సిన పని అక్కడే చేసింది, చుక్క తిరగడం మొదలవకముందే.

నీ వయొలిన్ సంగతే తీసుకో. మాయామాళవగౌళలో రిషభం నుంచి గాంధారానికి దూరం ఎక్కువ. సరళీ వరసలు నేర్చుకునేటప్పుడు వేలు అంతదూరం చాచడానికి, తీగ వంక చూస్తూ, పెదవి కొరుక్కుంటూ ఎంత తంటాలు పడేదానివో! ఇప్పుడు మోహన వర్ణం రెండో కాలంలో వాయిస్తుంటే ఏ వేలు ఎటు పోతోందో నీకు తెలియనే తెలియదు. మధ్యలో వేలి మీదకు ధ్యాస పోతే స్వరం జారుతుంది కూడా. మరి ఆ క్షణంలో ఆలోచన లేదు కాబట్టి ఆ వాయిద్యం నీది కాదనగలమా? ఆ వేళ్లకు దారి నేర్పింది, తప్పును తప్పని పట్టుకుని మళ్లీ వాయించింది నీ ఆలోచనే కదా.

నన్ను నిజంగా కలవరపెట్టింది వేరే ప్రయోగం. స్వీడన్‌లో పీటర్ జోహాన్సన్, లార్స్ హాల్ 2005లో ప్రచురించారు. ఇద్దరి ఫొటోలు చూపించి ఎవరు అందంగా ఉన్నారో ఎంచుకోమన్నారు. తర్వాత ఇంద్రజాలికుల హస్తలాఘవంతో ఫొటో మార్చి, ఎంచుకోనిదాన్ని చేతికిచ్చి, "ఎందుకు నచ్చింది?" అని అడిగారు. ఎక్కువమంది మార్పును పట్టుకోలేదు సరికదా, తడుముకోకుండా కారణాలు చెప్పారు. ఒకతనైతే చెవిపోగులు నచ్చాయన్నాడు. అతను ముందు ఎంచుకున్న మనిషికి చెవిపోగులే లేవు! మన పనులకు మనం చెప్పుకునే కారణాలను అంత గట్టిగా నమ్మకూడదని నాకు అప్పుడు తెలిసింది. "నేను బద్ధకస్తురాలిని, అందుకే చదవలేకపోతున్నాను" అని నువ్వు రాసిన వాక్యాన్నీ నేను అలాగే అనుమానిస్తాను.

పుస్తకం తెరవగానే చేయి ఫోను మీదకు పోతోందని రాశావు. చేయి కదిలే ఆ క్షణంలో దానితో కుస్తీ పడితే గెలవడం కష్టం. జర్మన్ మనస్తత్వవేత్త పీటర్ గోల్‌విట్జర్ చెప్పింది నాకు బాగా నచ్చింది. "బాగా చదవాలి" అని ఊరికే అనుకోవడం కంటే, ఫలానాది జరిగినప్పుడు ఫలానా పని చేస్తాను అని ముందే ముడిపెట్టుకుంటే ఆ పని జరిగే అవకాశం ఎక్కువ. సమయం వచ్చినప్పుడు మళ్లీ ఆలోచించాల్సిన అవసరం అంతగా ఉండదు. ఎదురైన సందర్భమే పనిని గుర్తుచేసి మొదలుపెట్టిస్తుంది.

కాబట్టి నువ్వు రాసుకోవాల్సింది ఇలా ఉండాలి: "మెస్ నుంచి గదికి రాగానే ఫోను ఆపి పెట్టెలో పెట్టి, పెట్టెకు తాళం వేస్తాను." తాళంచెవి నీ స్నేహితురాలి దగ్గర ఉంచితే ఇంకా మంచిది. ఈ వారానికి ఇదొక్కటే చాలు. తెల్లవారుజామున లేవడం, నడవడం లాంటివన్నీ ఒకేసారి తలకెత్తుకోకు. ఇది అలవాటయ్యాక రెండోది చూద్దాం.

అమ్మ సున్నిపిండి, కారప్పొడి పంపుతోంది.

ప్రేమతో,
నాన్న